క్రొత్తవానికి గోల్ఫు కర్రలు



గోల్ఫు ఆట నేర్వబోవు క్రొత్తవాడు కర్రలను ఎట్లు ఎన్నుకొనవలెనను విషయమును గూర్చి నేడు మీతో ముచ్చటింప దలచితిని. ఈ మాట వినగానే మీలో కొందరు, “మాకును గోల్ఫునకును ఏమి సంబంధము? మాకు కాడి, మేడి చాలవా?” అని నవ్వుకొందురేమో. నవ్వదగిన మాటయే. కాని యీ దినములలో పల్లెటూరి పెద్దల చెవిని ఈ యాట పేరు పడుట క్రొత్త కాదు. ఒకరి మనుమడు అమెరికాలో ఉద్యోగము చేయుచు ఆదివారమునాడు ఈ యాటకు పోవుచున్నాడు. ఒకరి మనుమరాలు బెంగుళూరులో నేర్చుకొనుచున్నది. ఒకరి కుమారుడు హైదరాబాదులో గోలకొండ కోట చెంతనున్న మైదానమునకో, విశాఖపట్నమునందలి మైదానమునకో పోయి వచ్చి, “నాన్నా, కర్రలు కొనవలెను, ఇంత సొమ్ము కావలెను” అని అడుగుచున్నాడు. ఆ సొమ్ము తగునో తగదో తేల్చి చెప్పవలసినవారు మీరే. తెలియని వస్తువు వెల వినినపుడు పెద్దలు రెండే పనులు చేయుదురు. కొందరు “దండుగ” అని త్రోసివేయుదురు; కొందరు పిల్లవాని ముఖము చూచి అడిగినంతయు ఇచ్చివేయుదురు. ఆ రెంటికి నడుమ వివేకముతో కూడిన మార్గము ఒకటి కలదు. దానిని చూపుటయే నా యుద్దేశము.

నేను నలుబది యేండ్లు దాటిన పిమ్మట ఈ యాట నేర్చినవాడను. గొప్ప ఆటగాడనని చెప్పుకొనను. కాని కర్రలను కొన్నవారిని, అమ్మినవారిని, భుజమున మోసినవారిని పదునైదేండ్లుగా దగ్గరనుండి చూచుచున్నవాడను. ఆ పరిచయముతోనే ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

ముందుగా ఆట యెట్టిదో చెప్పెదను. మన పిల్లలాడు బిళ్ళంగోడు మీరెరిగినదే. తెలంగాణమున దానిని చిర్రగోనె యందురు. అందు బిళ్ళను ఎంత దూరము కొట్టిన అంత గొప్ప. గోల్ఫునందు దూరము సగము పనియే. బంతి మిక్కిలి చిన్నది, 45.93 గ్రాముల బరువునకు మించరాదు, 42.67 మిల్లీమీటర్ల అడ్డుకొలతకు తగ్గరాదు. దానిని ఒక చోట నుంచి, కర్రతో కొట్టుచు పోయి, కొన్ని వందల గజముల దూరమున నేలలో చేసిన గుంటలో పడవేయవలెను. ఆ గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు, అనగా నాలుగుంపాతిక అంగుళములు. ఇట్టి గుంటలు 18. ఈ లెక్క స్కాట్లండునందలి సెయింట్ ఆండ్రూసు పట్టణమున 1764లో ఏర్పడినది. అన్ని గుంటలను ముగించుటకు ఎవడు తక్కువ దెబ్బలు కొట్టునో వాడే గెలిచినవాడు. ఇది పొదుపు తెలిసినవాని ఆట. ఈ మాటను మీరు మనసున నుంచుకొనుడు. కర్రలు కొనునప్పుడును ఇదే మాట పనికివచ్చును.

ఇచట క్లబ్బనగా సంఘము కాదు, కర్ర. ఆంగ్లేయ భాషలో రెంటికిని ఒకే మాట. కనుక నేను కర్ర అనియే చెప్పెదను.

ఈ కర్రల చరిత్ర చిత్రమైనది. 1457వ సంవత్సరమున స్కాట్లండు పార్లమెంటు, జనులు విలువిద్య మాని ఆటలలో పడుచున్నారని తలచి, గోల్ఫును ఫుట్బాలును నిషేధించెను. 1491లో నాలుగవ జేమ్సు రాజు కాలమున ఆ నిషేధమునే మరల చాటిరి. ఆ జేమ్సు రాజే 1502లో పెర్తు పట్టణమున విండ్లు చేయు పనివానియొద్ద గోల్ఫు కర్రలు కొనెను. ఆ వ్యయము రాచకోశపు లెక్కలలో నేటికిని కనబడుచున్నది. రాజుగారు తామే కాదన్న ఆటకు తామే లొంగిరన్నది నవ్వు పుట్టించు మాట. నాకు అంతకంటె ముఖ్యముగా తోచునది, ఆయన కర్రలకై విల్లు చేయువానియొద్దకు పోవుట. వంగి, మరల నిలిచి, ఆ నిలుచుటలో బలమును విడుచు కొయ్య గుణము విల్లు చేయువానికి తెలియును. గోల్ఫు కర్రకు కావలసినదియు ఆ గుణమే. అయిదు వందల యేండ్లు గడచినను కర్రను ఎన్నుకొనువాడు మొదట చూడవలసినది అదియే.

పూర్వము కామ, తల రెండును కొయ్యవే. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికానుండి వచ్చు హికరీ అను కొయ్యను కామకు వాడిరి. తలకు పెర్సిమను అను చెట్టు కొయ్యను మిక్కిలిగా వాడిరి. ఈ చెట్టు మనకు పరాయిది కాదు. మన యడవులలో బీడీల ఆకునిచ్చు తునికిచెట్టునకు అది సాక్షాత్తు దగ్గర చుట్టము. తరువాత ఉక్కు కామలు వచ్చినవి. వానిని అమెరికావారు 1924లోను, సెయింట్ ఆండ్రూసువారు 1929లోను అంగీకరించిరి. 1979 మొదలుకొని పెద్ద కర్రల తలలను సైతము లోహముతో చేసి అమ్ముచున్నారు. అయినను వానికి “ఉడ్డు”, అనగా కొయ్య, అను పేరు పోలేదు. ఇనుముతో చేసినను నాగలి నాగలియే యైనట్లు, ఇదియు నంతే.

ఉక్కు కామలు వచ్చిన పిమ్మట కర్రల సంఖ్య విపరీతముగా పెరిగినది. ఇరువదికి మించిన కర్రలను సంచిలో నుంచి మోయించినవారు కలరు. మోయువాని భుజము సంగతి ఎవరు తలచిరో తెలియదు గాని, 1938లో అమెరికాయందును, 1939లో బ్రిటనునందును ఒక నియమము వచ్చెను. ఒక యాటకు 14 కర్రలకు మించి కొనిపోరాదు. ఇచట జాగ్రత్తగా వినుడు. పదునాలుగు అనునది దాటరాని గట్టు. చేరవలసిన గమ్యము కాదు. అంగడివాడు “నియమము ప్రకారము పదునాలుగు, బాబూ” అని చెప్పినచో, ఆ మాటలో సగము సత్యమును అతడు దాచినాడని గ్రహింపుడు. ఒక్క కర్రతో ఆడినను నియమభంగము లేదు.

ఇక కర్రలలోని తెగలను చెప్పెదను. మొదటి తెగ ఉడ్డులు. వానిలో పెద్దది డ్రైవరు. ఇది అన్నిటికంటె పొడవైనది, సుమారు 45 అంగుళములుండును. బంతిని దూరముగా పంపుటకు పనికివచ్చును. రెండవ తెగ ఐరనులు. ఇవి పలుచని లోహపు తల గలవి, వానిపై అంకెలుండును. అంకె పెరిగినకొలది కామ పొట్టియగును, తల వెనుకకు ఎక్కువగా వాలును. మూడవ తెగ హైబ్రిడ్డులు. ఇవి ఉడ్డునకును ఐరనునకును పుట్టిన సంకరజాతి. నాలుగవ తెగ వెడ్జులు. ఇవి మిక్కిలి వాలుగల తలలతో, బంతిని ఎత్తుగా లేపి దగ్గరలో దింపుటకును, ఇసుక గుంటలోనుండి వెడలదీయుటకును ఉపయోగించును. అయిదవది పట్టరు. గుంట చుట్టునుండు నున్నని పచ్చికపై బంతిని దొరలించుటకు ఇది సాధనము.

ఈ వాలు అనునది ఏమో తెలిసిన సగము శాస్త్రము తెలిసినట్లే. డ్రైవరు మొగము ఇంచుమించు నిలువుగా నుండును. సుమారు పది పన్నెండు డిగ్రీల వాలు మాత్రమే. ఏడవ ఐరను వాలు ముప్పది డిగ్రీల ప్రాంతమున నుండును. ఇసుకకు వాడు వెడ్జునకు 56 డిగ్రీల వరకు నుండును. మొగము నిలువైనకొలది, చేతిలో చిన్న తప్పు జరిగినను బంతి ప్రక్కకు తిరిగిపోవును. వాలు ఎక్కువైనకొలది బంతి పైకి లేచును. ప్రక్కకు తిరుగుట తగ్గును. పైగా కామ ఎంత పొడవైన, తలను సరిగా బంతి కడకు చేర్చుట అంత కష్టము. కనుక క్రొత్తవానికి డ్రైవరు పరమ కఠినమైన సాధనము. అయినను అంగడిలో అందరి చేయియు మొదట దానిమీదనే పడును. అది పెద్దది, మెరయునది, వెల గలది. పసివాడు జాతరలో పెద్ద బుడగను కోరునట్లు క్రొత్తవాడు డ్రైవరును కోరును.

అట్లయిన మొదట ఏమి కొనవలెను? నా సలహా యిది. మొదటి రెండు నెలలు ఏమియు కొనవలదు. అభ్యాసము చేయించు మైదానములలో కర్రలను అద్దెకిత్తురు, గురువులును వాడనిత్తురు. నేర్చువానికి ఈ యాటపై నిజముగా మనసు నిలుచునో లేదో ఆ రెండు నెలలలో తేలిపోవును. మనసు నిలిచిన పిమ్మట రెండు కర్రలు కొనవలెను: ఏడవ ఐరను ఒకటి, పట్టరు ఒకటి. ఏడవ ఐరను మరీ పొడవును కాదు, మరీ పొట్టియు కాదు. దానితో చేయి కుదిరినచో తక్కిన ఐరనులకు సగము దారి నడచినట్లే. ఆరు నెలలు గడచిన పిమ్మట మరి నాలుగు చేర్చవచ్చును: బాగుగా వాలుగల హైబ్రిడ్డు గాని ఉడ్డు గాని ఒకటి, తొమ్మిదవ ఐరను ఒకటి, పిచింగు వెడ్జు ఒకటి, ఇసుక వెడ్జు ఒకటి. మొత్తము ఆరు. డ్రైవరు చిట్టచివర.

“ఆరు కర్రలతో ఆట యేమి సాగును?” అని మీ పిల్లవాడు అడుగవచ్చును. అతనికి చిక్ ఎవాన్సు కథ చెప్పుడు. ఇతడు అమెరికాలో జీతము గొనని ఆటగాడు. 1916లో ఆ దేశపు ఓపెన్ పందెమును ఏడే ఏడు కర్రలతో గెలిచెను. నాలుగు ఆటలలో అతడు కొట్టిన మొత్తము దెబ్బలు 286. ఆ లెక్కను ఇరువది యేండ్ల వరకు, అనగా 1936 వరకు, ఆ పందెమున ఎవ్వరును దాటలేకపోయిరి.

ఏడింటి మాట అటుంచుడు. స్పెయిను దేశమున పెద్రేన్యా అను సముద్రతీర గ్రామమున 1957లో సెవె బయెస్తెరోసు అను బాలుడు జన్మించెను. సేద్యము చేసి బ్రతుకు కుటుంబము. అన్న యిచ్చిన మూడవ ఐరను ఒక్కటియే అతని సొత్తు. దానితోనే సముద్రపుటొడ్డు ఇసుకలో దూరపు దెబ్బ, దగ్గరి దెబ్బ, ఎత్తు దెబ్బ, నేలబారు దెబ్బ అన్నియు నేర్చెను. ఒక్క కర్రను పది కర్రలుగా వాడుటకు వేళ్ళను, మణికట్టును పదును పెట్టుకొనెను. అతడే 1979లో బ్రిటిషు ఓపెన్ పందెమును గెలిచెను. మరల 1984లోను, 1988లోను గెలిచెను. కర్రలు తక్కువైన చేయి పని నేర్చునని దీనివలన తెలియుచున్నది. లేమి గొప్పదని నేను చెప్పుట లేదు. తొందరపడి కొనకపోవుట వలన నష్టము లేదని మాత్రమే చెప్పుచున్నాను.

ఇపుడు కొనునపుడు పరీక్షింపవలసిన అంశములను వరుసగా చెప్పెదను. ఇవి మీకు క్రొత్తవి కావు. పార కామ కొట్టించునపుడు, గొడ్డలికి పిడి వేయించునపుడు, పనివాని ఎత్తును, చేయిని, చేయవలసిన పనిని చూచియే గదా చేయింతుము. పొట్టివాని పార పొడుగువానికి నడుము నొప్పి తెచ్చును. గోల్ఫు కర్రయు అట్టిదే.

మొదటిది పొడవు. చాలమంది మనిషి ఎత్తు మాత్రమే అడుగుదురు. అది చాలదు. చేతులు వ్రేలాడవిడిచి నిటారుగా నిలువబెట్టి, మణికట్టు మడతనుండి నేలవరకు కొలువవలెను. ఆరడుగుల వానికి చేతులు పొడవైనచో సాధారణమైన కర్రయే సరిపోవచ్చును.

రెండవది తల నేలపై కూర్చుండు తీరు. ఆటగాడు బంతి కడ నిలిచి కర్రను దించినపుడు, తల అడుగు నేలపై సమముగా ఆనవలెను. ముందు కొన పైకి లేచియున్నచో, కుడిచేతి వాటపువాని బంతి ఎడమకు పోవును. మడమ పైకి లేచినచో కుడికి పోవును. అపుడు ఆటగాడు తన చేయి చెడ్డదనుకొని, చేతిని వంకర చేసి కర్ర వంకరకు సరిచేయజూచును. ఆ వంకర అలవాటైన పిమ్మట మాన్పుట గురువునకును తరము కాదు.

మూడవది కామ వంగు గుణము. విల్లు చేయువాని విద్య యిదియే. బలముగా, వేగముగా విసరువానికి గట్టి కామ కావలెను; మెల్లగా విసరువానికి మెత్తని కామ కావలెను. ఈ భేదమును తెలుపుటకు కామపై ఎల్, ఏ, ఆర్, ఎస్, ఎక్స్ అను గుర్తులుంతురు. ఎల్ మిక్కిలి మెత్తనిది, ఎక్స్ మిక్కిలి గట్టిది. మగవాడైనంత మాత్రమున గట్టిదే కొనవలెనను భ్రమ కొందరికి కలదు. అరువదేండ్లు దాటినవానికి ఏ గుర్తు కామ తరచుగా సుఖముగా నుండును. ఇందు పరువునకు తావు లేదు. ముసలి ఎద్దునకు తేలిక కాడి వేయుట అవమానము కాదు గదా.

నాలుగవది బరువు. ఉక్కు కామలు నూరు గ్రాముల ప్రాంతమున, అంతకు మించియు, తూగును. గ్రాఫైటు అను బొగ్గునార కామలు అందులో సగము మొదలుకొని మూడు పాళ్ళ వరకు తూగును. నడుము నొప్పి, మోచేతి నొప్పి కలవారికి రెండవది మేలు, అదరు తక్కువ. బలమైన యువకునికి ఉక్కుదే చాలును, వెలయు తక్కువ.

అయిదవది పిడి. ఎడమచేతితో పట్టినపుడు నడిమి రెండు వ్రేళ్ళ కొనలు అరచేతిలో బొటనవ్రేలి మెత్తని దిమ్మను మెల్లగా తాకవలెను. గుచ్చుకొనినచో పిడి సన్నము; తాకక యెడమున్నచో లావు. ఎడమచేతి వాటపువారికి కర్రలే వేరు. వారికి కుడివాటపు కర్ర యిచ్చి “అలవాటు చేసికొనుము” అనుట అన్యాయము.

ఆరవది తల నిర్మాణము. ఐరనులలో రెండు రకములు కలవు. ఒకటి కత్తివలె పలుచగా, బరువంతయు నడుమనుండునది. రెండవది వెనుక గుల్లచేసి, బరువును అంచులకు చేర్చినది. ఇది ఎట్లు పనిచేయునో కావడిచేత తెలియును. కావడి బద్ద రెండు కొనల యందు నిండు కుండలున్నపుడు దానిని త్రిప్పుట కష్టము. కుండలను నడిమికి జరిపినచో సులువుగా తిరుగును. అట్లే బరువు అంచులనున్న తల, బంతి నడుమ తగలక ప్రక్కన తగిలినను, చేతిలో తిరిగిపోదు. బంతి ఇంచుమించు అనుకొన్న దారినే పోవును. కార్స్టను సోల్హైము అను ఇంజనీరు ఈ సూత్రమును 1959లో మొదట పట్టరునకును, తరువాత ఐరనులకును వాడి ప్రసిద్ధుడయ్యెను. క్రొత్తవాడు నిస్సంశయముగా ఈ రెండవ రకమునే కొనవలెను.

ఇక పట్టరును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. సాధారణముగా 18 గుంటలకు నియమిత దెబ్బలు 72. అందు 36 పట్టరువే, గుంట కొకటికి రెండు చొప్పున. డ్రైవరు ఆటమొత్తమున పదునాలుగు పర్యాయములకు మించి చేతికి రాదు. అయినను జనులు డ్రైవరునకు వేలు పోసి, పట్టరును “ఏదో ఒకటి” అని తెత్తురు. బెంగుళూరు యువతి అదితి అశోక్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సునందు నాలుగవ స్థానమున నిలిచినది; ఒక్క దెబ్బలో పతకము తప్పినది. దూరము కొట్టుటలో ఆమె తనతో ఆడిన పలువురికంటె వెనుకబడియున్నను, దగ్గరి పనితనముతోను, పట్టరుతోను లోకపు మేటి స్త్రీలను ఎదుర్కొనెను. కనుక పట్టరును తొందరపడక ఎన్నుకొనుడు. పది పట్టరులతో పది పది బంతులు దొరలించి చూడవలెను. దీని అభ్యాసమునకు మైదానము కూడ అక్కరలేదు; ఇంటి వసారాలో చాపమీద చేయవచ్చును.

పాత కర్రలు కొనవచ్చునా యని అడుగుదురు. తప్పక కొనవచ్చును. క్రొత్త జతలు వేలనుండి లక్షల రూపాయల వరకు పోవును. ఒకసారి వాడినంతనే వాని వెల పడిపోవును. పాతవానిని కొనువాడు పాత బండిని కొనునంత జాగ్రత్త చూపిన చాలును. కామను కంటి కెదురుగా పట్టి వంకర యేమైన కలదేమో చూడవలెను. తలను పట్టి మెలిపెట్టి, కామతో అతికిన చోట కదలిక యున్నదేమో చూడవలెను. ఉక్కు కామపై తుప్పు, గ్రాఫైటు కామపై చీలిక ఉండరాదు. పిడి రబ్బరు గట్టిపడి జారుచున్నచో భయము లేదు, క్రొత్తది తొడిగింపవచ్చును. పేరు గొప్పదై వెల మరీ తక్కువైనచో అది నకిలీయని అనుమానింపవలెను.

పిల్లల విషయమున ఒక హెచ్చరిక. పెద్దవారి కర్రను కోసి పొట్టిచేసి పిల్లవాని కిచ్చుట పలుచోట్ల చూచుచున్నాను. కోసిన కామ మరింత గట్టిపడును. తల బరువు తగ్గదు. లేత మణికట్టు దానిని మోయలేక చెడు అలవాట్లు పట్టును. పిల్లలకు పిల్లల కొరకే చేసిన తేలిక కర్ర కావలెను, అదియు రెండు మూడు చాలును. ఏడాదికి పిల్లవాడు పెరిగిపోవును గదా.

ఈ సందర్భమున మా యింటి సంగతి యొకటి చెప్పెదను. నా చెల్లెలిని అనకాపల్లి ప్రాంతమున ఒక చెరకు రైతు కిచ్చితిమి. వారి కుమారుడు పదునాలుగేండ్లవాడు. సెలవులలో నాతోవచ్చి అభ్యాసపు మైదానమున బంతులేరుచు, తానును కొట్టుట నేర్చెను. చేయి మంచిదని గురువు మెచ్చెను. ఒక యంగడివాడు పదునాలుగు కర్రల జత లేనిదే పిల్లవాడు పైకి రాడని చెప్పెను. మా బావ ఆ మాట నమ్మి నాయొద్దకు వచ్చెను.

“బావా, పిల్లవాడు ముచ్చటపడుచున్నాడు. చూడి గేదెను అమ్మివేసెదను. బేరము కూడ వచ్చినది” అనెను.

ఆ యింట పాడి యనగా ఆ గేదెయే. నేను పిల్లవానిని పిలిచి, “ఒరే, ఇప్పుడు నీవు గురిగా కొట్టగలిగినది ఏ కర్రతో?” అని అడిగితిని.

“ఏడవ ఐరనుతో మామయ్యా. తక్కినవి ఇంకను రావు” అని వాడు దాచక చెప్పెను.

“వినబడినదా బావా? వచ్చిన కర్ర ఒకటి. మనము కొనబోవునవి పదునాలుగు. రాని పదుమూడింటికి గేదెను ఇత్తుమా?” అంటిని.

మా చెల్లెలు లోపలినుండి, “ఆ మాట నేను మొన్ననే చెప్పితిని” అనెను.

ఒక వృద్ధుడైన ఆటగాడు తాను వాడి విడిచిన ఏడవ ఐరనును, పట్టరును స్వల్పమైన వెలకు ఇచ్చెను. మరుసటి యేడు బెల్లము సొమ్ముతో మరి మూడు చేర్చిరి. మూడేండ్లు గడచినవి. బాలుడు నేడు అయిదు కర్రలతో నాకంటె తక్కువ దెబ్బలలో ఆట ముగించుచున్నాడు. గేదె రెండు మారులు ఈనినది. వాడు రేపు పెద్ద ఆటగాడగునో, చదువులో పడి ఈ యాటను మరచునో నేను చెప్పజాలను. ఏది జరిగినను ఆ యింట పాలకు కొదవ లేదు. పెద్దలు చూడవలసినది ఇదియే యని నా మనవి.

కర్రలకంటె చేయి గొప్పదనుటకు మరి రెండు మూడు దృష్టాంతములు చెప్పెదను. మన తెలుగువారు సైతము 1860 మొదలుకొని చెరకు తోటల కూలికి పోయిన నాటాలు దేశమున, డర్బను చెంత, సేవ్‌సుంకర్ సేవ్‌గోలము అను భారతీయ సంతతివాడొకడు పుట్టెను. లోకము అతనిని పాప్వా యని పిలిచినది. చదువు లేదు, ఇతరుల కర్రలు మోసి బ్రతికినవాడు. గురువు లేనందున చేతులను తారుమారుగా పట్టి కొట్టుట అలవాటయ్యెను. ఆ పట్టుతోనే 1959లో హాలండు దేశపు ఓపెన్ పందెమును గెలిచెను. 1963లో నాటాలు ఓపెనును గెలిచినపుడు, నల్లవారికి లోపల ప్రవేశము లేదని, తెల్లవారు భవనములో నుండగా, ఇతనికి బహుమతిని వెలుపల వానలో నిచ్చిరి. తరువాత వర్ణభేద శాసనములచే తెల్లవారి పందెములనుండియే తొలగించిరి. ఆ వానలో నిలిచిన మనిషి చిత్రము లోకమంతట ఆ ప్రభుత్వమునకు అపకీర్తి తెచ్చినది.

మన దేశముననే, ఢిల్లీలో కర్రలు మోయు పనితో మొదలుపెట్టిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెనును గెలిచి, 1993లో మరల గెలిచెను. 1829లో స్థాపితమైన కలకత్తా రాయల్ గోల్ఫు క్లబ్బులో పచ్చికను సంరక్షించు పనివాని కుమారుడు చౌరాసియా. అతడు 2016, 2017 సంవత్సరములలో వరుసగా అదే పందెమును గెలిచెను. వీరెవ్వరును మెరయు జతలతో మొదలుపెట్టినవారు కారు.

ఈ యాటయే దండుగ యని, ఒక్కొక్క మైదానమునకు నూరెకరములకు మించిన నేలయు, విస్తారమైన నీరును పోవుచున్నవని మీలో కొందరు ఆక్షేపింపవచ్చును. నీటి విలువ తెలిసిన రైతు అట్లు అడుగుట న్యాయమే. అది వేరొక ప్రసంగమునకు తగిన పెద్ద విషయము. ఉన్న మైదానమున నాలుగు మైళ్ళకు మించి నడచి, కోపము నణచుకొని, తన దెబ్బలను తానే దాచక లెక్కించుకొనుట నేర్పు ఆట యిది యనునంత మాత్రము చెప్పి విడిచెదను.

కావున, పెద్దలారా, మీ పిల్లవాడు కర్రలకు సొమ్మడిగినపుడు కాదనకుడు, వెంటనే ఔననకుడు. మూడు ప్రశ్నలు వేయుడు. “అద్దె కర్రతో ఎన్నాళ్ళు ఆడితివి? నీ మణికట్టునుండి నేలకు ఎన్ని అంగుళములు? ఏ కర్రతో గురిగా కొట్టగలవు?” మొదటి ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడు మరి రెండు నెలలు ఆగవలెను. రెండవదానికి చెప్పలేనివాడు కొలిపించుకొని రావలెను. మూడవదానికి ఏ కర్ర పేరు చెప్పునో ఆ కర్రను కొనిపెట్టుడు. తక్కినవానిని వాని చేయి సంపాదించుకొనును.